నేను చూపించిన నీలం డ్రమ్ము

పాపకి పిలక వేస్తూ ఫోను చూశాను. ఆ క్షణమే.

కుడిచేతిలో దువ్వెన ఉంది. ఫోను పోపుల డబ్బాకి ఆనించి ఉంది. దాని మీద సుబ్బారావు గారి రొయ్యల చెరువు గీత. రాత్రంతా నీళ్ళలో గాలి ఎప్పుడు తగ్గిందో, ఎప్పుడు పెరిగిందో చూపించే గీత. దాని కింద అంతకుముందు రాత్రిది. రెండూ ఒకటే. దాదాపుగా అని కాదు. అర్ధరాత్రి దాటాక ఒక చిన్న పల్లం, కోడి కూసే వేళకి ఒక చిన్న ఎత్తు, ఆ ఎత్తు మీద సన్నటి గీటు. మొన్న ఎక్కడ ఉన్నాయో నిన్న కూడా అక్కడే. ఏ చెరువూ రెండు రాత్రులు ఒకేలా ఊపిరి పీల్చదు. మొన్న బాగా గాలి వీచింది. నిన్న ఆకు కదల్లేదు. అయినా గీత మారలేదు. ఎవరో మొన్నటి రాత్రిని దాచి ఉంచి, నిన్న మళ్ళీ చూపించారు.

"అమ్మా, నొప్పి," అంది పాప. జుట్టు ఎంత గట్టిగా లాగానో అప్పుడు తెలిసింది.

ఆ రోజు వీపు మీద పాకిన చలి ఇన్నేళ్ళయినా దిగలేదు. ఎండాకాలంలో కూడా ఉంటుంది. మా ఆయన పక్కన కూర్చుని నవ్వుతున్నప్పుడు కూడా ఉంటుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నాను. ఊరి పేరు తప్ప మిగతా పేర్లన్నీ మార్చాను. నన్ను కాపాడుకోవడానికే మార్చాను అని మీరు అనుకుంటే అది కూడా నిజమే.

మాది మలికిపురం. మా ఆయనది కొబ్బరి వ్యాపారం. నేను ఇంజనీరింగ్ చదివాను. పెళ్ళయ్యాక అమలాపురంలో ఒక చిన్న కంపెనీలో చేరాను. రొయ్యల చెరువుల్లో పెట్టే పరికరాలు చేసేవాళ్ళం. తెల్లగా, సొరకాయంత ఉండి నీళ్ళ మీద తేలేది ఒకటి. దాని అడుగున ఉన్న కడ్డీ నీళ్ళలో గాలిని కొలిచి, తీగ లేకుండా షెడ్డు మీది పెట్టెకి చెబుతుంది. గాలి తగ్గితే పెట్టె ఏరియేటర్లను తిప్పుతుంది. నీళ్ళని చిలికి గాలి కలిపే చక్రాలు అవి. రైతుకీ, కాపలా మనిషికీ ఫోను మోగుతుంది. రైతులు ఆ తేలేదాన్ని బుర్ర అనేవారు. మేము పెట్టిన ఇంగ్లీషు పేరు ఎవరూ పలకలేదు. కొన్నాళ్ళకి మేము కూడా బుర్ర అనడం మొదలుపెట్టాం.

బుర్ర మాట్లాడేది గాల్లో. గాల్లో మాట ఎవరైనా వినవచ్చు. ఎవరైనా బుర్ర గొంతుతో మాట్లాడవచ్చు. అలా జరగకుండా చూడటమే నా ఉద్యోగం. కాలేజీలో ఆఖరి సంవత్సరం నా ప్రాజెక్టు కూడా దాని మీదే చేశాను. ప్రతి బుర్రకీ దాని సొంత రహస్య సంకేతం ఉండాలి. బుర్ర పంపే ప్రతి మాటకీ వరుస సంఖ్య ఉండాలి, పాత సంఖ్యతో ఏది వచ్చినా పెట్టె నమ్మకూడదు. బస్సులో కండక్టరు టిక్కెట్టు మీద తేదీ చూడకపోతే నిన్నటి టిక్కెట్టుతో ఇవాళ కూడా ఎక్కవచ్చు కదా. అంతే సంగతి. చిన్నపిల్లకి చెప్పినా అర్థమవుతుంది.

మరి నేను ఏం చేశాను?

సుబ్బారావు గారి చెరువులో సీడు వదలడానికి పంతులు గారు ముహూర్తం పెట్టారు. పిల్ల రొయ్యలు నీళ్ళలో పడే వేళకే బుర్ర కూడా పడాలన్నారు. పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి. మా కంపెనీ సార్ ఫొటోగ్రాఫర్ని కూడా పిలిచారు. ఆ ఉదయం పరికరాలు మొండికేశాయి. పరీక్ష కోసం బుర్రల్ని ఆపి మళ్ళీ వేసినప్పుడల్లా వాటి సంఖ్యలు మొదటికి వచ్చేవి, పెట్టె వాటిని తోసేసేది. అది సరిగ్గానే తోసేసింది. దాని పని అది చేసింది. పంతులు గారు వాచీ చూస్తున్నారు. నేను పెట్టెలో సంఖ్య చూసే పనిని ఆపేశాను. అన్ని బుర్రలకీ ఆఫీసులో అందరికీ తెలిసిన పరీక్ష సంకేతాన్నే ఉంచేశాను. కాయ కొట్టారు. చప్పట్లు కొట్టారు. గీత వచ్చింది. ముహూర్తం అయ్యాక సాయంత్రం కూర్చుని మారుద్దాం అనుకున్నాను.

సంకేతం మార్చాలంటే బుర్రని నీళ్ళలోంచి తియ్యాలి. సాయంత్రం గట్టెక్కనివ్వలేదు. సీడు వదిలాక బయటివాళ్ళు గట్టు మీదకి రాకూడదు. కాళ్ళతో తెగులు తెస్తారని భయం. తప్పనిసరైతే ముందు చెప్పి, కాళ్ళు మందునీళ్ళలో ముంచి, ఆసామి వెంట ఉండగా ఎక్కాలి. చెబితే, ఎందుకని అడుగుతారు. పెట్టిన రోజే ఏం తేడా వచ్చిందని అడుగుతారు. ఇంకో వారం చూద్దాం అనుకున్నాను. ఆ తర్వాత అసలు అనుకోవడం కూడా మానేశాను. బాగానే పనిచేస్తోంది కదా. బాగా పనిచేస్తున్నదాన్ని ఎందుకు కదపాలి? ఈ మాట నాకు నేనే ఎన్నిసార్లు చెప్పుకున్నానో.

ఆ చెరువుకి కాపలా వీర్రాజు. అతని గురించి చెప్పాలంటే ముందు అతని నవ్వు గురించి చెప్పాలి. చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవాడు, ముందు పన్ను విరిగిందని. నా కూతురంత కూతురు ఉండేది అతనికి, దుర్గ. ముహూర్తం రోజున పులిహోర ఆకు చేత్తో పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"అమ్మాయిగారండీ, అయితే ఇంకనించి ఈ బుర్రే కాపలా కాస్తాదాండీ?"

"గాలి తగ్గితే నీ ఫోను మోగుతుంది వీర్రాజూ. చక్రాలు వాటంతటవే తిరుగుతాయి. నువ్వు గంటగంటకీ లేచి చూసుకోనక్కర్లేదు."

"మరి నేనేం చెయ్యాలండి?"

"హాయిగా పడుకో."

చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. "ఆయ్! ఈ మాట మా మంగ వింటే మీకు గెలకి గెల బొండాలు పంపుద్దండీ. పెళ్ళయిన కాణ్ణించీ నేను రొయ్యలతోటే కాపురం చేస్తన్నానని దాని ఏడుపు."

"స్విచ్చి మాత్రం చేత్తో ముట్టుకోకు. పెట్టె లెక్క తప్పుతుంది."

"ముట్టుకోనండి. నీ బుర్ర కంటే ఆ బుర్రే నయంరా అని ఆసామిగారు ముందే చెప్పేరు."

అందరం నవ్వాం. హాయిగా పడుకో. నేనే అన్నాను. ఆ మాట మీరు గుర్తుపెట్టుకోవాలి. నేను దాన్ని తర్వాత మర్చిపోయినట్టు నటించాను.

ఇప్పుడు మళ్ళీ ఆ పొద్దుటికి వస్తాను. పిలక, దువ్వెన, రెండు గీతలు.

ఏం జరుగుతోందో నాకు వెంటనే అర్థమైంది. మా పరీక్ష సంకేతం తెలిసినవాళ్ళు ఎవరో ఉన్నారు. అసలు బుర్రని నిద్రపొమ్మని ఆదేశించారు. దాని బదులు పాత రాత్రి మాటల్ని మళ్ళీ వినిపిస్తున్నారు. పెట్టె సంఖ్య చూడదు కాబట్టి నమ్ముతోంది. గాలి నిజంగా తగ్గినా చక్రాలు తిరగవు, ఫోను మోగదు. నిన్న రాత్రికి చెరువు ఎలాగో గట్టెక్కింది. మళ్ళీ ఇలాగే జరిగితే?

ఎవరు చేశారు? మా ఆఫీసులో గొడవపడి వెళ్ళిపోయినవాడు ఒకడున్నాడు. తర్వాత వేరే కంపెనీ తరఫున అదే ఊళ్ళలో తిరుగుతూ, వాళ్ళ పరికరాల్ని నమ్మకండి అని రైతులకి చెప్పేవాడు. అతనే అనుకుంటున్నాను. రుజువు లేదు. ఆ పేరు ఇక్కడ మారుపేరుతో కూడా రాయను. రాస్తే నాకు హాయిగా ఉంటుంది కాబట్టి రాయను. దొంగ ఎవడైనా కావచ్చు, తలుపు గడియ తీసి ఉంచింది మాత్రం నేను.

సుబ్బారావు గారి భార్య కాంతమ్మ గారికి ఫోను చేశాను. గట్టెక్కడానికి ఆవిడ అనుమతి కావాలి. ఆవిడని పిన్ని గారూ అని పిలిచేదాన్ని.

"ఇవాళ ఒకసారి చెరువు దగ్గరికి వద్దామనుకుంటున్నానండి పిన్ని గారూ," అన్నాను.

"రా అమ్మాయ్, మంచి రోజే అడిగేవు. మీ సారు ఇంకో నలుగురు రైతుల్ని తీసుకుని బుర్ర చూపించడానికి వస్తన్నారంట. నువ్వుంటే నాలుగు మాటలు బాగా చెప్తావు."

నాకు ఆ దృశ్యం కనిపించింది. సార్ ముందు, ఆ నలుగురు రైతుల ముందు, నేను బుర్రని బయటికి తీసి మూత విప్పుతున్నాను. ఎందుకమ్మా అంటే, సంకేతం మార్చడం మర్చిపోయానండి అంటున్నాను. ఇన్ని నెలలూ తాళం వెయ్యకుండా వదిలేశానండి అంటున్నాను.

నోటికి ఎలా వచ్చిందో వచ్చింది. "వద్దామనే అనుకున్నానండి. కానీ ఇవాళే బయట చేరాను."

నెలసరిలో ఉన్న ఆడవాళ్ళు చెరువు గట్టెక్కకూడదని అక్కడ పట్టింపు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ పట్టింపు మీద సార్‌తో వాదించినదాన్ని నేను. నిజంగా నెలసరి అయిన రోజుల్లో ఎవరికీ చెప్పకుండా గట్టెక్కి పని చేసుకొచ్చినదాన్ని. రొయ్యలకి ఏమీ కాలేదు. లోపల్లోపల గర్వపడ్డాను కూడా. నాకు అసహ్యమైన ఆ ఆచారం వెనకాలకే వెళ్ళి దాక్కున్నాను.

ఇంకో సంగతి. ఆ రోజు నాకు రెండో నెల. మా చిన్నాడు కడుపులో ఉన్నాడు. మూడో నెల వెళ్ళేదాకా చెప్పకూడదని ఎవరికీ చెప్పలేదు. కడుపులో బిడ్డని పెట్టుకుని, బయట చేరానని చెప్పాను.

"అయ్యో, అయితే వద్దులే తల్లీ," అన్నారావిడ, ఎంతో ప్రేమగా. "నాలుగు రోజులు పోయేక రా. రొయ్యలెక్కడికి పోతాయి?"

వేవిళ్ళు, గతుకుల రోడ్డు, ఆటో కుదుపులు, కడుపులో బిడ్డ. అందుకే వెళ్ళలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అమ్మని కదా, భయపడ్డాను అని. ఎంత బాగుంటుందో ఆ మాట. ఎవరూ కాదనలేరు. కానీ అది నిజం కాదు. అదే రోజు మధ్యాహ్నం అదే రోడ్డు మీద, అదే కుదుపుల్లో, చీరకి ఫాల్ కుట్టించుకోవడానికి వెళ్ళాను.

పోనీ, వెళ్ళలేకపోయాను. వీర్రాజుకి ఫోను చెయ్యవచ్చు కదా? ఈ రాత్రి ఫోనుని నమ్మకు, లేచి నీళ్ళు చూసుకో, అనుమానంగా ఉంటే స్విచ్చి చేత్తో వేసెయ్యి. ఇంతే. అతని నంబరు నా దగ్గర ఉంది. చేతిలో ఫోను ఉంది. ఎందుకండీ అని అడుగుతాడని చెయ్యలేదు. అడగడు. ఆయ్ అని మాత్రం అనేవాడు. అది నాకు అప్పుడే తెలుసు.

ఆ సాయంత్రానికి మబ్బు పట్టింది. ఉక్కపోసింది.

మర్నాడు పొద్దున్న సార్ ఫోను చేసి రమ్మన్నారు. చెరువు అంచు పొడుగునా తెల్లగా కనిపించింది, దూరం నుంచి చూస్తే సున్నం వేశారనుకుంటారు. సుబ్బారావు గారు గట్టు మీద అటూ ఇటూ తిరుగుతున్నారు. కాంతమ్మ గారు తల మీద చెయ్యి పెట్టుకుని షెడ్డు ముందు కూర్చున్నారు. షెడ్డు గట్టుకి కింద, రోడ్డు పక్కన ఉంటుంది. నేను రోడ్డు మీదే ఆగిపోయాను. నేను బయట ఉన్నాను కదా, గట్టెక్కకూడదు. నా అబద్ధం నన్ను అక్కడే నిలబెట్టింది. సన్నగా చినుకు పడుతోంది. గొడుగు వేసుకున్నాను.

"ఏమ్మా, నీ బుర్ర రాత్రంతా గాలి బాగుందనే చెప్పింది. మరి రొయ్యలెందుకు చచ్చేయి?" అన్నారు సుబ్బారావు గారు గట్టు దిగుతూ. ఆయన గొంతులో కోపం లేదు అప్పటికి. నిజంగా తెలుసుకోవాలనే అడిగారు.

వీర్రాజు షెడ్డు గుమ్మంలో ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఫోను మోగలేదండీ. మోగితే లేవనాండీ? పడుకోమన్నారని పడుకున్నానండి. అమ్మాయిగారే చెప్పేరు. అడగండి."

అందరూ నావైపు తిరిగారు. సార్ కూడా. సార్ చూపులో ఉన్నది బతిమాలడం.

"నేను పడుకోమనలేదు," అన్నాను. "ఫోను మోగితే లేవమన్నాను."

అక్కడితో ఆపినా సగమే పాపం అయ్యేది. నిద్రమత్తు అని తిట్టి వదిలేసేవారు. కానీ మోగని ఫోను సంగతి ఇంకా మిగిలే ఉంది. బుర్ర ఎందుకు బాగుందని చెప్పింది? ఆ ప్రశ్న నా మీదకి రాకముందే ఇంకెక్కడికైనా పోవాలి. నా చదువు అప్పుడు నాకు పనికొచ్చింది. ఇలాంటి పరికరాల్ని మోసం చెయ్యడానికి రెండు దారులున్నాయి. ఒకటి గాల్లో మాటని మార్చడం. రెండోది ఇంకా సులువు. బుర్రని తీసుకెళ్ళి వేరే నీళ్ళలో పెట్టడం.

"బుర్ర అబద్ధం చెప్పదండి," అన్నాను. "దాన్ని ఏ నీళ్ళలో పెడితే ఆ నీళ్ళ సంగతే చెబుతుంది."

గొడుగు కొద్దిగా అటు వంచాను. షెడ్డు పక్కన పైభాగం కోసిన నీలం డ్రమ్ము ఉంది, నిండా నీళ్ళతో.

వీర్రాజు పేరు నేను ఎత్తలేదు. దొంగ అనలేదు. మిగతాదంతా వాళ్ళే కలుపుకున్నారు. రాత్రి కరెంటు పోయింది. కరెంటు పోతే చక్రాలు జనరేటరు మీద తిరగాలి. జనరేటరుకి డీజిల్ సుబ్బారావు గారు డబ్బాలో పోసి ఇస్తారు. చక్రాలు తిరక్కపోతే డీజిల్ మిగులుతుంది. మిగిలినది అమ్ముకోవచ్చు. బుర్రని డ్రమ్ములో పెట్టి, తెల్లారేక మళ్ళీ చెరువులో వేసి ఉంటాడు.

"డీజిల్ కోసమా రా?" అన్నారు సుబ్బారావు గారు. "లీటరు డీజిల్ కోసం నా చెరువంతా చంపేవా?"

వీర్రాజుకి ముందు అర్థమే కాలేదు. డ్రమ్ము దగ్గరికి వెళ్ళి, వంగి, చెయ్యి ముంచి చూశాడు, అందులో ఏదో ఉందేమోనని. "ఇందులోనాండీ? ఇయి కాళ్ళు కడుక్కునే నీళ్ళండీ," అన్నాడు. తర్వాత నావైపు చూశాడు. కోపంగా కాదు. నేను నవ్వి, లేదులే వీర్రాజూ, ఊరికే అన్నాను అంటానని ఎదురుచూసినట్టు చూశాడు. నేను గొడుగు కాస్త కిందికి దించుకున్నాను.

షెడ్డు గుమ్మం లోపల డీజిల్ డబ్బా ఉంది. మూత తీసి ఉంది. అంచు దాకా నిండుగా ఉంది. అమ్ముకున్నవాడి డబ్బా ఖాళీగా ఉంటుంది కదా. నేను నిలబడ్డ చోటు నుంచి అది కనిపిస్తోంది. ఇంకెవరూ అటు చూడలేదు. అందరూ నేను చూపించిన డ్రమ్మునే చూస్తున్నారు.

వెనక్కి వస్తుంటే కారులో సార్ ఒకే మాట అన్నారు. "మన పరువు కాపాడేవమ్మా." ఆయనకి ఎంత తెలుసో నాకు ఇప్పటికీ తెలియదు. చెరువు ఎండగట్టాక బుర్రలన్నీ ఆఫీసుకి వచ్చాయి. బల్ల మీద వరుసగా పెట్టుకుని ఒక్కొక్కదానికీ సొంత సంకేతం వేశాను. పెట్టెలో సంఖ్య చూసే పనిని మళ్ళీ మొదలుపెట్టాను. రెండు రాత్రులు గీత ఒకేలా వస్తే గంట కొట్టేలా కూడా రాశాను. టీ చల్లారేలోపు అయిపోయింది. ఆ రెండు గీతల్నీ చెరిపేశాను.

వీర్రాజుకి ఆ చుట్టుపక్కల ఏ చెరువు మీదా కాపలా పని దొరకలేదు. కొన్నాళ్ళు తిరిగి కువైట్ వెళ్ళాడు. ఎడారిలో గొర్రెల దగ్గర పని. సొరబుర్ర కట్టుకుని గోదాట్లో ఈత నేర్చుకున్నవాడు.

చిన్నాడు పుట్టాడు. బొద్దుగా, నెలలు నిండి పుట్టాడు. బారసాలకి కాంతమ్మ గారు వచ్చారు. బిడ్డని ఎత్తుకున్నారు, నెలలు లెక్కపెడుతూ తన వేళ్ళు మడిచారు, మళ్ళీ విప్పారు. ఆ పొద్దున్న నేను బయట ఉన్నానని ఆవిడకి గుర్తుంది. చెరువు పోయిన రోజు ఎవరు మర్చిపోతారు?

"వీడు ఏడో నెల పిల్లాడామ్మా?" అన్నారు.

"ఆయ్, అవునండి," అన్నాను.

"ఏడో నెలలో పుట్టి ఇంత బాగున్నాడంటే దేవుడి దయ," అని వాడి నుదుటిని ముద్దు పెట్టుకున్నారు. పండక్కీ పబ్బానికీ వాడికోసం నెయ్యి పంపుతారు ఇప్పటికీ, బలానికని. మా ఆయన ఒకసారి విని, ఏడో నెలేమిటి అని అడిగారు. ఆవిడ పొరపాటు పడ్డారులెండి అన్నాను. చూశారా, ఒకదానికి ఒకటి ఎలా పుట్టుకొస్తాయో. వాడికి జ్వరం వచ్చిన ప్రతిసారీ నాకు ఆ ఫోను మాటే గుర్తొస్తుంది. వాడు లేడని చెప్పాను కదా అని. ఇలాంటివి నమ్మే చదువు కాదు నాది. అయినా థర్మామీటరు పట్టుకుని రాత్రంతా వాడి పక్కనే కూర్చుంటాను.

ఉద్యోగం మానేశాను. పిల్లల కోసం అని అందరూ అనుకున్నారు. మంగకి మా ఆయన కొబ్బరి షెడ్డులో కాయలు ఏరే పని ఇప్పించాను. దొంగతనం చేసినవాడి భార్యకి ఎవరు పని ఇస్తారు, అయినా మీ ఆవిడ మనసు మంచిదండీ అని మా ఆయనతో అన్నారట. మంగ నన్ను చూసినప్పుడల్లా కొంగు సర్దుకుని లేచి నిలబడుతుంది. మీ మేలు మర్చిపోలేనండీ అంటుంది. ఒక్కసారి మాత్రం, ఎవరూ లేనప్పుడు అడిగింది. "అమ్మాయిగారండీ, నిజంగా మా ఆయన డ్రమ్ములో పెట్టేడాండీ? నాతో ఒట్టేసి లేదన్నాడండీ. మీరు చదువుకున్నోరు, మీకు తెలుస్తాది." నాకేం తెలుసు మంగా అన్నాను. అన్నీ తెలిసి.

దాంతోనే ముసలిదాన్ని అయిపోయేదాన్నేమో. ఇవాళ సాయంత్రం జరిగింది జరక్కపోతే.

పెద్దది ఇప్పుడు రెండో తరగతి. కువైట్ నుంచి వచ్చే డబ్బుతో మంగ దుర్గని కూడా అదే బడిలో వేసింది. ఇవాళ బడి నుంచి వచ్చి, బూస్టు తాగుతూ, పెద్దది ముక్కు మూసుకుని తమ్ముడికి ఏదో చూపిస్తోంది. ఏంటే అది అన్నాను.

"డీజిల్ ఆటమ్మా. దుర్గ వస్తే అందరం ఇలా ముక్కు మూసుకోవాలి. డీజిల్ కంపు, డీజిల్ కంపు అనాలి. వాళ్ళ నాన్న డీజిల్ దొంగ కదా. ఎవరు ముందు మూసుకుంటే వాళ్ళు గెలిచినట్టు." మూతి మీద పాల నురగతో నవ్వింది. "నేనే కనిపెట్టాను."

తిట్టలేదు. అది కనిపెట్టినదా? దానికంటే ముందు ఎవరు కనిపెట్టారు?

"మరి దుర్గ ఏమంటుంది?" అన్నాను.

"ఏమీ అనదు. నవ్వుతుంది. చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతుంది."

మా ఆయన లోడుతో విజయవాడ వెళ్ళారు. పిల్లలు నిద్రపోయారు. నేను ఇది రాస్తున్నాను. రాస్తూ రాస్తూ నాలుగుసార్లు లేచి వెళ్ళి చిన్నాడి ఊపిరి చూసి వచ్చాను. బిడ్డ గురించి ఇంత భయపడే మనిషి ఇంకొకరి బిడ్డని ఏం చేసిందో చూడండి. బుర్రకి సంకేతం వెయ్యకపోవడం బద్ధకం. కాంతమ్మ గారికి చెప్పింది పిరికితనం. ఆ డ్రమ్ము అలా కాదు. అప్పుడు నా మనసు చాలా చురుగ్గా, చాలా స్పష్టంగా పనిచేసింది. కాలేజీలో బహుమతి తెచ్చిన మనసే అది. దాన్ని క్షమించమని నేను ఎవరినీ అడగలేను. చెబితే సుబ్బారావు గారి పంట తిరిగి రాదు. వీర్రాజు ఎడారిలో గడిపిన ఏళ్ళు రావు. చెప్పకపోతే ఆ పిల్ల రేపు కూడా నవ్వాలి.

తెల్లవారింది. ఈ చివరి మాటలు పగటి వెలుగులో రాస్తున్నాను.

పెద్దదానికి రెండు జడలు వేస్తూ చెప్పాను. చిన్నాడు పక్కనే ఇడ్లీ తింటున్నాడు. పాయలు జారిపోకుండా గట్టిగా పట్టుకున్నాను.

"దుర్గ వాళ్ళ నాన్న దొంగ కాదు," అన్నాను. "ఏమీ తియ్యలేదు. నా పని నేను సరిగ్గా చెయ్యలేదు, రొయ్యలు చచ్చిపోయాయి. నన్ను తిడతారని ఆయన మీదకి తోసేశాను. ఆ దొంగ మాట నేను పుట్టించిందే."

పెద్దది వెనక్కి తిరగలేదు. "నువ్వా?" అంది.

"నేనే. నువ్వు బడికి వెళ్ళేసరికి నేను మంగ దగ్గర ఉంటాను. ఆ తర్వాత సుబ్బారావు తాతగారి దగ్గరికి. వాళ్ళకి కూడా ఇదే చెబుతాను."

"తిడతారా?"

"తిడతారు."

"నేను ఆ ఆట ఆడితే నువ్వు నిన్న ఎందుకు తిట్టలేదు?"

జడ చివర రిబ్బను కట్టబోతే, నా చేతిలోంచి జడ లాక్కుని తనే కట్టుకుంది. వంకరగా వచ్చింది. సరిచేస్తానంటే వద్దంది.

చిన్నాడికి ఇవేవీ అర్థం కాలేదు. ఇడ్లీ మీద కాంతమ్మ గారి నెయ్యి ఇంకొంచెం వెయ్యమన్నాడు. ఏడో నెల పిల్లాడిని కదా, నాకు బలం కావాలి అన్నాడు, ఆవిడ అన్నట్టే. గిన్నె మూత పెట్టేశాను.

"కాదు నాన్నా," అన్నాను. "నువ్వు నెలలు నిండే పుట్టావు. ఆ రోజు నేను గట్టెక్కకుండా రోడ్డు మీద నిలబడి, కాళ్ళు కడుక్కునే నీళ్ళని చూపించి, ఒక మనిషిని దొంగని చేసినప్పుడు, నువ్వు నాతోనే ఉన్నావు."